అటక దిగిన పాట: రాకబిల్లీ కొత్త రికార్డుల ముచ్చట

2019 మే 24వ తేదీన అమెరికాలో ఒక కొత్త రికార్డు వెలువడింది. దాని పేరు వట్టి అంకె, '40'. పాడినవారు 'స్ట్రే క్యాట్స్', అంటే వీధి పిల్లులు అని పేరు పెట్టుకున్న ముగ్గురు చిన్ననాటి స్నేహితులు. బ్రయన్ సెట్జర్ గిటారు వాయిస్తూ పాడతాడు. లీ రాకర్ మనిషెత్తు బేస్ వాద్యాన్ని పట్టుకుంటాడు. స్లిమ్ జిమ్ ఫాంటమ్ కుర్చీ అవసరం లేకుండా నిలబడే డ్రమ్ములు వాయిస్తాడు. వాళ్ళు జట్టు కట్టి అప్పటికి 40 ఏండ్లు. అందుకే రికార్డుకు ఆ పేరు. ముగ్గురూ కలిసి అంతకుముందు రికార్డు ఇచ్చి 26 ఏండ్లు గడిచిపోయినవి. అరవై దగ్గరపడిన వయస్సులో వాళ్ళు మళ్ళీ వాయించినది, తాము పుట్టకముందే పుట్టి, తాము పలక పట్టేనాటికే మూలపడిపోయిన సంగీతం. దాని పేరు రాకబిల్లీ.

త్యాగరాజ కీర్తనలూ, ఘంటసాలవారి పద్యాలూ వినే మన ఇండ్లకు ఈ పాశ్చాత్యుల గోల ఎందుకని పెద్దలు కొందరు అనవచ్చు. కారణాలు రెండున్నవి. మొదటిది, మన పిల్లలు వింటున్నారు. ఒకప్పుడు సీమ రికార్డు కావాలంటే పట్టణంలో పెద్ద దుకాణానికి పోవలసి వచ్చేది. ఇప్పుడు చేతిలోని ఫోను మీద వేలు కదిపితే వస్తుంది. పిల్లలు వినేదేమిటో తెలుసుకోకుండా చెవులు మూసుకోవడం పెద్దరికం అనిపించుకోదు. రెండవ కారణం ఇంకా ముఖ్యం. ఈ పాట పుట్టినింట అటకెక్కి, పరాయిదేశంలో పరాయివాళ్ళ చేతులమీదుగా బ్రతికింది. తరాల క్రిందట ఊరు విడిచివచ్చి, మాటను మాత్రం వెంట తెచ్చుకున్న మనవంటి వారికి ఆ కథలో పనికివచ్చే సంగతులు ఉన్నవి.

పుట్టుక

రాకబిల్లీ అన్న మాటే ఒక అతుకు. 'రాక్ అండ్ రోల్' లోని రాక్ ఒక ముక్క. 'హిల్‌బిల్లీ' లోని బిల్లీ రెండవ ముక్క. హిల్‌బిల్లీ అంటే అమెరికా దక్షిణపు కొండపల్లెల మోటుమనిషి అని పట్టణవాసులు వేళాకోళంగా పెట్టిన పేరు. ఆ పల్లెల తెల్లవాళ్ళు ఫిడేలూ, గిటారూ, బాంజో వాయిస్తూ పాడుకునే పాటలకు కూడ అదే పేరు అంటుకున్నది. అదే సీమలో పత్తిచేలలో కష్టపడే నల్లవాళ్ళకు బ్లూస్ అనే వేరొక బాణీ ఉన్నది. ఆనాటి అక్కడి చట్టాలు ఈ రెండు జాతులనూ బడిలోనూ, బస్సులోనూ, హోటలులోనూ వేరువేరుగా కూర్చోబెట్టినవి. రేడియోకు మాత్రం అటువంటి గోడలు కట్టడం ఎవరి తరమూ కాలేదు. తెల్లవాళ్ళ పిల్లలు నల్లవాళ్ళ పాటలు విన్నారు. నల్లవాళ్ళ పిల్లలు తెల్లవాళ్ళ పాటలు విన్నారు.

1954 జూలై 5వ తేదీ సాయంకాలం మెంఫిస్ నగరంలో, శామ్ ఫిలిప్స్ నడిపే సన్ అనే చిన్న రికార్డింగు స్టూడియోలో, ఎల్విస్ ప్రెస్లీ అనే 19 ఏండ్ల లారీ డ్రైవరు పాడడానికి వచ్చాడు. ప్రక్కన గిటారుకు స్కాటీ మూర్, బేసుకు బిల్ బ్లాక్. నెమ్మది పాటలు కొన్ని ప్రయత్నించారు గాని ఏదీ కుదరలేదు. మధ్యలో విరామం వచ్చినప్పుడు ఎల్విస్ సరదాకు 'దట్స్ ఆల్ రైట్' అనే పాటను హుషారుగా అందుకున్నాడు. మిగిలిన ఇద్దరూ జత కలిశారు. ఫిలిప్స్ ఉలిక్కిపడి, మళ్ళీ మొదటినుంచీ వాయించండని యంత్రం తిప్పాడు. ఆ పాట ఆర్థర్ క్రూడప్ అనే నల్లజాతి గాయకుడు 1946లో రికార్డు చేసినది. ఆ ప్లేటుకు రెండవ వైపున వేసినది బిల్ మన్రో అనే తెల్లజాతి పల్లె గాయకుని పాట 'బ్లూ మూన్ ఆఫ్ కెంటకీ'. మన్రో దానిని మన తిశ్రగతి వంటి మూడు దెబ్బల నడకలో మెల్లగా పాడితే, ఈ ముగ్గురూ నాలుగు దెబ్బలలోకి మార్చి పరుగెత్తించారు. చట్టం వేరుచేసిన ఇరువురి పాటలూ ఒకే ప్లేటుకు అటొకటి ఇటొకటి అయినవి.

ఆ రికార్డులో డ్రమ్ములు లేవు. మరి ఆ దడదడ ఎక్కడిది? బిల్ బ్లాక్ చేతిలోని బేస్ వాద్యానిది. అది వీణకన్నా, తంబురాకన్నా ఎత్తయినది. నేలమీద నిలబెట్టి వాయించాలి. దాని తంతిని గట్టిగా లాగి విడిస్తే అది వెనుకనున్న పలకకు టప్పున తగులుతుంది. తంతి మధ్య అరచేతితో చరిస్తే ఇంకొక దెబ్బ పలుకుతుంది. స్వరమూ, తాళమూ ఒకే వాద్యం మీద పలికించడమన్నమాట. తంబురాయే మృదంగం పని కూడ చేసినట్లు. దీనికితోడు ఫిలిప్స్ రెండు టేపు యంత్రాలతో ఒక కిటుకు చేశాడు. మొదటి యంత్రం పట్టిన ధ్వనిని రెండవ యంత్రం గుండా రెప్పపాటు ఆలస్యంగా తెచ్చి కలిపాడు. జనంలేని కోయిల మండపంలో నిలబడి పలికితే మాట వెనుకనే మాట వినబడుతుంది చూడండి, అటువంటి ప్రతిధ్వని వచ్చింది. చరిచే బేసూ, రెప్పపాటు ప్రతిధ్వనీ, ముగ్గురు మనుషులూ: రాకబిల్లీ అంటే ముఖ్యంగా ఇవే.

ఇక్కడ ఒక చేదు సంగతి కూడ చెప్పక తప్పదు. క్రూడప్ 1905లో మిసిసిపీ రాష్ట్రంలో పుట్టి, కూలిపని చేసుకుంటూ పాటలు కట్టినవాడు. ఆయన పాటతో ఎల్విస్ జీవితం తలుపు తెరుచుకున్నది. క్రూడప్ మాత్రం 1974లో కన్నుమూసేవరకూ తనకు న్యాయంగా రావలసినంత రాయల్టీ కళ్ళజూడలేదు.

అటకెక్కడం

ఆ వెలుగు ఎక్కువ కాలం నిలవలేదు. 1955 నవంబరులో ఆర్. సి. ఏ. అనే పెద్ద కంపెనీ 35,000 డాలర్లిచ్చి ఎల్విస్ ఒప్పందాన్ని సన్ నుంచి కొనుక్కున్నది. 1956 ఆరంభంలో 'బ్లూ స్వేడ్ షూస్' అనే పాటతో దేశమంతా పేరు తెచ్చుకున్న కార్ల్ పెర్కిన్స్, ఆ మార్చిలోనే టెలివిజనులో పాడడానికి న్యూయార్కు పోతూ మోటారు ప్రమాదంలో పడి ఆసుపత్రి పాలయ్యాడు. 1958లో ఎల్విస్ సైన్యంలో చేరవలసి వచ్చింది. 1959 ఫిబ్రవరి 3న బడ్డీ హాలీ విమానం కూలి మరణించాడు. 1960 ఏప్రిల్‌లో ఎడ్డీ కాక్రన్ ఇంగ్లండులో కారు ప్రమాదంలో పోయాడు. అదే కారులో ఉన్న జీన్ విన్సెంట్ గాయాలతో బయటపడ్డాడు. రేడియోవారికి మెత్తని పాటలు కావలసి వచ్చినవి. వేలకొద్దీ చిన్న ప్లేట్లు దుకాణాల వెనుక గదులలో దుమ్ము కొట్టుకున్నవి. వాటిని పాడినవాళ్ళు చాలామంది మళ్ళీ మామూలు కొలువులకు పోయారు.

పరాయి ఇంట పెంపకం

ఆ పాటను మరువనివారు ఎక్కడున్నారంటే, అట్లాంటిక్ సముద్రానికి ఇవతలి ఒడ్డున. ఇంగ్లండులో 1950ల నుంచీ 'టెడ్డీ బాయ్స్' అనే కుర్రకారు ఉండేవారు. ఎడ్వర్డు రాజు కాలంనాటి పొడుగు కోట్లు వేసుకుంటారు కనుక ఎడ్వర్డు పేరును ముద్దుగా కుదించి టెడ్డీ అన్నారు. వాళ్ళూ, వాళ్ళ తరువాతి తరం వాళ్ళూ పాత అమెరికా ప్లేట్లను ప్రాణంతో సమానంగా చూసుకున్నారు. వేల్స్‌లో 'క్రేజీ కావన్ అండ్ ది రిథమ్ రాకర్స్' వంటి బృందాలు ఆ బాణీని ఆపకుండా వాయించినవి. 1976 మే నెలలో ఈ అభిమానులు వేలమంది లండను వీధులలో ఊరేగింపుగా బి. బి. సి. కార్యాలయానికి నడిచి, మా పాటలు రేడియోలో వేయండని అర్జీ ఇచ్చారు. రేడియోవారు దిగివచ్చి ఆ పాటలకు ఒక కార్యక్రమం కేటాయించారు.

1977 ఏప్రిల్ 30న లండను రెయిన్‌బో థియేటరులో ఒక కచేరీ జరిగింది. సన్ కంపెనీకి పాడిన వారెన్ స్మిత్, చార్లీ ఫెదర్స్ వంటివారిని అమెరికానుంచి పిలిపించారు. స్వదేశంలో మరుగునపడిన ఆ పెద్దమనుషులకు ఇక్కడ నిండు సభ చప్పట్లు కొట్టింది. జర్మనీలో 1975లో మొదలైన 'బేర్ ఫ్యామిలీ' అనే కంపెనీ, పాత టేపులు వెతికి తీసి, ఎవరు ఏ రోజు ఏ వాద్యం వాయించారో వివరాలతో సహా అచ్చువేసి, పెట్టెలు పెట్టెలుగా మళ్ళీ విడుదల చేసింది. గుమాస్తా ఖాతా వ్రాసినంత శ్రద్ధగా చేసిన ఆ పనివల్లనే ఎందరో అనామకుల పేర్లు నిలిచినవి.

స్ట్రే క్యాట్స్ కథ కూడ ఇందులో భాగమే. న్యూయార్కు దగ్గర లాంగ్ ఐలండులో పెరిగిన ఆ ముగ్గురినీ స్వదేశంలో పట్టించుకున్నవారు తక్కువ. లండనులో ఈ పాటకు ఆదరణ ఉన్నదని విని 1980లో వాద్యాలు మోసుకుని సముద్రం దాటారు. వెల్ష్ సంగీతకారుడు డేవ్ ఎడ్మండ్స్ సాయపడగా 1981లో వారి మొదటి రికార్డు ఇంగ్లండులో వచ్చింది. మరుసటి ఏడు అమెరికా కంపెనీ 'బిల్ట్ ఫర్ స్పీడ్' అన్న పేరుతో వారి పాటలు విడుదల చేసేసరికి స్వదేశమంతా ఊగిపోయింది. ఇంటిలో పండిన గింజ పొరుగూరి సంతకు పోయి వస్తేగాని ఇంటివాళ్ళకు రుచించలేదు. పాత పద్ధతిని కొత్త కుర్రవాళ్ళు ఇట్లా నిలబెట్టినదానికే 'నియో రాకబిల్లీ' అని పేరు. నియో అంటే నవ్యమన్నమాట.

ఇటువంటిది మనకు తెలియని సంగతి కాదు. తంజావూరు సీమలోని మెలట్టూరులో నాయకరాజుల కాలంలో స్థిరపడిన తెలుగు కుటుంబాలవారు, ఇంటా బయటా తమిళం మాట్లాడుతూ కూడ, మెలట్టూరు వేంకటరామశాస్త్రిగారు తెలుగులో రచించిన భాగవతమేళ నాటకాలను నృసింహ జయంతి సందర్భంలో నేటికీ ఆడుతున్నారు. పుట్టినింటివారికి చేతికందే దూరంలో ఉన్నది గనుక జాగ్రత్త తక్కువ. దూరంగా ఉన్నవాడికి పోతుందేమోనన్న భయం ఉంటుంది. ఆ భయమే కాపలా కాస్తుంది.

అతుకుల బండి

ఇక రెండవ శాఖ సంగతి. దాని పేరు సైకోబిల్లీ. సైకో అంటే పిచ్చిపట్టినవాడని వాడుక. ఆ మాట 1976లో జానీ క్యాష్ పాడిన 'వన్ పీస్ ఎట్ ఎ టైమ్' అనే హాస్యపు పాటలో వినబడింది. ఆ పాట వ్రాసినవాడు వేన్ కెంప్. కథ ఇది: మోటారు కార్ల ఫ్యాక్టరీలో పనిచేసే ఒక కూలివాడు, ఖరీదైన కారు కొనలేక, ఏండ్ల తరబడి రోజుకొక భాగం చొప్పున భోజనం పెట్టెలో దాచి ఇంటికి చేరవేస్తాడు. తీరా అన్నీ బిగించబోతే ఒక్కొక్క భాగం ఒక్కొక్క సంవత్సరానిది. ఒకదానికి ఒకటి నప్పదు. అయినా ఎట్లాగో అతికించి బండి నడుపుతాడు. ఆ వింత కారుకు తగిలించిన విశేషణమే సైకోబిల్లీ. ఈ సంగీతానికి ఇంతకన్నా తగిన పేరు వెతికినా దొరకదు. బేసు 1954 నాటిది, గిటారు హోరు 1966 నాటిది, ఉరుకు 1977 నాటిది, భయపెట్టే కథలు చవకరకం దయ్యాల సినిమాలవి. అన్నీ కలిపి బిగించిన బండి ఇది.

ఆ పేరును సంగీతానికి మొదట వాడుకున్నవారు న్యూయార్కులో బయలుదేరిన 'క్రాంప్స్' అనే బృందం. లక్స్ ఇంటీరియర్, పాయిజన్ ఐవీ అనే భార్యాభర్తలు దానికి పెద్దదిక్కు. తమ కచేరీ కరపత్రాల మీద జనాన్ని ఆకర్షించడానికి, జాతరలో గుడారం ముందు కేకలు వేసినట్లుగా, ఆ మాట అచ్చువేయించారు. దాన్ని ఒక శాఖ పేరుగా ఉద్దేశించలేదని తరువాత వాళ్ళే చెప్పుకున్నారు. 1980లో వెలువడిన వారి మొదటి పెద్ద రికార్డు 'సాంగ్స్ ది లార్డ్ టాట్ అస్' పనిని, ఎల్విస్‌ను వెలికితీసిన శామ్ ఫిలిప్స్‌కు చెందిన మెంఫిస్ స్టూడియోలోనే చేశారు. ఎంత వికృతవేషం వేసినా గురువుగారి గడపకు పోయి దణ్ణం పెట్టి వచ్చారన్నమాట.

శాఖగా దానికి రూపం ఇచ్చినది మాత్రం లండను. 1980లో పి. పాల్ ఫెనెక్, నైజెల్ లూయిస్ అనే ఇద్దరు తాము వాయించే రాకబిల్లీ బృందాన్ని వదిలి, మార్క్ రాబర్ట్‌సన్ అనే డ్రమ్మరుతో కలిసి 'మీటియర్స్' అనే బృందం పెట్టారు. వారి మొదటి పెద్ద రికార్డు 'ఇన్ హెవెన్' 1981లో వచ్చింది. అప్పటికి నాలుగైదేండ్లుగా ఇంగ్లండులో పంక్ అనే ఉధృతమైన సంగీతం చెలరేగుతున్నది. మూడు స్వరాలు వస్తే చాలు, కోపాన్ని గట్టిగా వాయించవచ్చుననేది దాని సిద్ధాంతం. మీటియర్స్ వారు ఆ వేగాన్ని తెచ్చి పాత చరుపు బేసుకు తగిలించారు. పాటలలో ప్రియురాలి బదులు పిశాచాలు వచ్చినవి.

లండనులో హామర్‌స్మిత్ పేటలోని క్లారెండన్ హోటలులో 1982 నుంచి 'క్లబ్ ఫుట్' అనే పేరుతో ఈ కచేరీలు జరిగేవి. రెండు ప్రక్కలా గొరిగించుకుని, నడినెత్తిన కోడిజుట్టువలె క్రాపు నిలబెట్టుకున్న కుర్రవాళ్ళు అక్కడ పోగయ్యేవారు. వారి నాట్యం పేరు 'రెకింగ్'. ఒకరినొకరు భుజాలతో, మోచేతులతో త్రోసుకోవడమే. చూసేవారికి అది కొట్లాట. పడ్డవాణ్ణి ప్రక్కవాడు చెయ్యిచ్చి లేపడం అందులో మర్యాద. 1988లో ఆ హోటలును పడగొట్టారు. అక్కడి కచేరీలను పట్టిన 'స్టాంపింగ్ ఎట్ ది క్లబ్ ఫుట్' రికార్డులు 1984 నుంచి వచ్చినవి కాబట్టి ఆ సందడి మనకు మిగిలింది.

ఎవరిది అసలు?

పాత పద్ధతివారికి ఈ కొత్త వేషం నచ్చలేదు. రాకబిల్లీలో దయ్యాలెక్కడివి, ఇంత మోత ఎందుకని వారి అభ్యంతరం. ఇది పితృద్రోహమన్నట్లు మాట్లాడినవారున్నారు. తమాషా ఏమిటంటే, ఈ మాట పడ్డ మీటియర్స్ అభిమానులే కొంతకాలానికి, అసలైన సైకోబిల్లీ మీటియర్స్ ఒక్కరిదే, తక్కినవన్నీ కల్తీ అనే నినాదం చొక్కాల మీద వేసుకుని తిరిగారు. నిన్నటి కల్తీ నేటి శాస్త్రమయింది.

నాకు తోచినంతవరకు ఇరువురి మాటలోనూ సగం నిజమున్నది. స్ట్రే క్యాట్స్ వంటివారూ, జర్మనీలో టేపులు వెదికినవారూ లేకపోతే ఆ చరుపు బేసు చేతివాటం చచ్చిపోయేది. మీటియర్స్ వంటివారు లేకపోతే అది కొద్దిమంది వయసు మీరినవారి వేడుకగా మిగిలి, వారితోనే ముగిసేది. మన కళలలోనూ ఇంతే గదా. మెలట్టూరు భాగవతమేళ పాత ఒరవడిని పట్టుకుని ఒక ఊరిలో నిలిచింది. కూచిపూడి, వెంపటి చినసత్యంగారు 1963లో మద్రాసులో అకాడమీ పెట్టిన తరువాత, ఎందరో ఆడపిల్లలు నేర్చి ఆడగా ప్రపంచం చుట్టివచ్చింది. ఒకటి లేకపోతే రెండవదాని విలువ మనకు తెలిసేది కాదు. పైగా, కలగాపులగం చేశారని సైకోబిల్లీవారిని తప్పుపట్టేవారు, 1954లో శామ్ ఫిలిప్స్ గదిలో జరిగినది కూడ కలగాపులగమేనన్న సంగతి మరువరాదు.

కలపడంలో తప్పులేదు, ఎవరిది తెచ్చి కలిపామో చెప్పకపోవడంలో ఉన్నది తప్పు. క్రూడప్‌కు జరిగినది అదే. ఆ తప్పును కొంతైనా దిద్దినవారు, రికార్డు అట్టమీద ప్రతి పేరూ శ్రద్ధగా వ్రాసిన పాతపాటల ప్రేమికులు.

ఇటీవలి రికార్డులు

ఇప్పుడు కొత్త రికార్డులలో వినదగినవి కొన్ని చెబుతాను.

లండనులో 'కిట్టీ, డెయిసీ అండ్ లూయిస్' అని ఒక కుటుంబ బృందమున్నది. ఇద్దరక్కచెల్లెళ్ళూ, ఒక సోదరుడూ. తండ్రి గిటారు, తల్లి బేసు పట్టుకుని పిల్లలకు సాయంగా వేదిక ఎక్కడం ఆ బృందంలోని అందం. 2008లో వారి మొదటి పెద్ద రికార్డు వచ్చింది. పాతకాలపు టేపు యంత్రాలతో ఇంట్లోనే ధ్వని పట్టడం వారి అలవాటు. మన తాతలు సాలెపెట్టె గ్రామఫోనులో వేసుకున్న 78 వేగపు ప్లేట్లను కూడ కొన్ని చేయించి విడుదల చేశారు!

ఐర్లండులోని డబ్లిన్ నగరపు ఇమెల్డా మే 2008లో 'లవ్ టాటూ', 2010లో 'మేహెమ్' ఇచ్చింది. గొంతులో నిప్పూ ఉన్నది, తేనే ఉన్నది. ఆడవాళ్ళకు ఈ పాటలో చోటెక్కడని అడిగేవారికి ఆమె ఒక జవాబు. మొదటి జవాబు వాండా జాక్సన్. 1950లలోనే మగవాళ్ళకు దీటుగా రాకబిల్లీ పాడిన ఆమె, 83వ ఏట, 2021 ఆగస్టులో 'ఎన్‌కోర్' అనే రికార్డు విడుదల చేసింది. ఆ వయస్సు అవ్వ గొంతులో ఆ తుంటరితనం వింటే మన ఇంటి అమ్మమ్మలకు కూడ హుషారు పుడుతుంది.

జె. డి. మెక్‌ఫర్సన్ అమెరికాలోని ఓక్లహోమావాడు. బడిలో చిత్రలేఖనం చెప్పిన పంతులు. 2010లో 'సైన్స్ అండ్ సిగ్నిఫయర్స్' అనే మొదటి రికార్డును చికాగోలో పాత యంత్రాలమీద పట్టించాడు. 2024 సెప్టెంబరులో వచ్చిన 'నైట్ ఔల్స్' లో పాత గిటారు రుచి పోకుండా కొత్త దారులు వెతికాడు. పాతదాన్ని మ్యూజియం బొమ్మ చేయకుండా వాడుకోవడమెట్లాగో ఇతని దగ్గర చూడవచ్చు.

సైకోబిల్లీ వైపు, డెన్మార్కులో 1989లో మొదలైన 'నెక్రోమాంటిక్స్' ఉన్నది. దాని నాయకుడు కిమ్ నెక్రోమాన్ ఒకప్పుడు నౌకాదళపు జలాంతర్గామిలో రేడియో ఆపరేటరు. శవపేటిక ఆకారంలో బేసు చేయించుకుని వాయిస్తాడు. 2016లో వచ్చిన వారి రికార్డు పేరు 'ఎ సింఫనీ ఆఫ్ వుల్ఫ్ టోన్స్ అండ్ ఘోస్ట్ నోట్స్'. దయ్యాల మాటున చక్కని రాగాలున్నవి. కాలిఫోర్నియాలోని 'టైగర్ ఆర్మీ' 1999లో మొదటి రికార్డుతో బయలుదేరి, 2019లో 'రెట్రోఫ్యూచర్' ఇచ్చింది. ఇందులో భయంకన్నా విరహమే ఎక్కువ. మొదటిసారి వినేవారికి ఇది సులువు.

బ్రయన్ సెట్జర్ తన సొంత పేరుమీద 2021లో 'గాటా హావ్ ది రంబుల్', 2023లో 'ది డెవిల్ ఆల్వేస్ కలెక్ట్స్' విడుదల చేశాడు. మొదటిదాని పేరులో మోటారు సైకిలు గర్జనతోపాటు, ఏండ్ల తరబడి మోత మధ్య నిలబడ్డందున తన చెవిలో చేరిన హోరు కూడ ఉన్నదని ఆయనే చెప్పాడు. 2025 ఫిబ్రవరిలో, ఒక జబ్బువల్ల వేళ్ళు స్వాధీనం తప్పి గిటారు వాయించడం కష్టమయిందని ప్రకటించాడు. ఒక తరానికి ఈ చేతివాటం నేర్పిన వేళ్ళు అవి. నేర్చుకోవలసినవారు ఆలస్యం చేయరాదనడానికి ఇంతకన్నా ఏం చెప్పాలి?

ఈ రికార్డులలో చాలాభాగం ఫోనులో వినవచ్చు. నల్ల ప్లేట్లుగా కూడ వస్తున్నవి. ప్లేట్ల కాలం పోయిందనుకున్నాము గాని, 2022లో అమెరికాలో సుమారు 4 కోట్ల 10 లక్షల నల్ల ప్లేట్లు అమ్ముడుపోగా సీడీలు 3 కోట్ల 30 లక్షలే. 1987 తరువాత ప్లేట్లు సీడీలను మించడం అదే మొదటిసారి.

ఇంటిలో వినేటప్పుడు

కోడిజుట్టు క్రాపూ, చొక్కామీద పుర్రె బొమ్మా చూసి తల్లిదండ్రులు భయపడడం సహజం. మన పిల్లలు బేతాళ కథలు విని, 'పాతాళభైరవి' చూసి చెడిపోలేదు. ఈ దయ్యాలూ ఆ జాతివే. భయాన్ని వేడుక చేసుకుని నవ్వుకోవడానికి పెట్టినవి. వేదికమీద రాజకీయాలు ఎత్తరాదన్నది సైకోబిల్లీ కచేరీలలో చాలాకాలంగా ఉన్న ఆనవాయితీ. కొన్ని పాటలలో మోటుమాటలూ, నెత్తుటి వర్ణనలూ ఉన్న మాట నిజమే. చిన్నపిల్లలున్న ఇంట్లో పెద్దలు ముందుగా వినిచూడడం మంచిది. సెట్జర్ చెవులను తలచుకుని చప్పుడు తగ్గించి పెట్టుకోవడం ఇంకా మంచిది.

కొత్తగా వినదలచినవారు ఈ వరుసలో పోతే తికమక ఉండదు. ముందు ఎల్విస్ సన్ కంపెనీలో పాడినవి. తరువాత స్ట్రే క్యాట్స్ మొదటి రికార్డు. ఆపైన ఇమెల్డా మే. చివరకు టైగర్ ఆర్మీ. నాలుగింటిలోనూ బేసు మీదనే చెవి పెట్టండి. అదే టప్పు టప్పు దెబ్బ 1954 నుంచి చెయ్యి మారుతూ ఎట్లా వచ్చిందో వినబడుతుంది.

ఎల్విస్ పాట అయిన వెంటనే, అదే పాటను ఆర్థర్ క్రూడప్ గొంతులో వెదకి పెట్టమని పిల్లలకు చెప్పండి. నిమిషంలో దొరుకుతుంది. పాడినవాడెవరు, కట్టినవాడెవరు అని అడగడం అలవాటయితే, ఆ అలవాటు మన ఇంటి పాటలకూ పనికివస్తుంది. అమ్మమ్మ పాడే మంగళహారతి ఎవరిది, జోలపాట ఏ ఊరినుంచి ఎవరి వెంట ఈ ఊరు వచ్చింది, అందులోని ఆ అర్థంకాని మాట ఏమిటి అని అడిగి, ఆమె ఉండగానే ఒక నోటుబుక్కులో వ్రాసిపెట్టుకోవచ్చు. ఫోనులో ఆమె గొంతు పట్టుకుని, తేదీతో సహా దాచుకోవచ్చు.